తాగునీటి చెరువు పచ్చబడితే ఏమవుతుంది? కాచుకుని తాగితే సరిపోతుందా?

ఎండలు ముదిరి నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు ఆగిపోయాక, పల్నాడులో చాలా పల్లెలకు తాగునీటి చెరువే దిక్కు. కాలువ పారినప్పుడు నింపుకున్న నీళ్లతోనే వేసవి గట్టెక్కాలి. పిడుగురాళ్ల చుట్టుపక్కల ఈ చెరువులకు నలువైపులా పత్తి, మిరప చేలే ఉంటాయి.

నీళ్లు తగ్గేకొద్దీ కొన్ని చెరువులు పచ్చబడతాయి, వాసన వస్తాయి. ‘నాచే కదా, కాచుకుని తాగితే సరి’ అనుకుంటాం. కానీ ఆ మాట అన్నిసార్లూ నిజం కాదు. ఎందుకో తెలియాలంటే చెరువులోకి చేరే ‘ఎరువు’ గురించి తెలుసుకోవాలి.

ఒక్క బస్తా ఎంత పని చేస్తుంది?

చేలో పైరును పెంచే నత్రజని, భాస్వరమే నీటిలో నాచునూ పెంచుతాయి. లీటరు నీటిలో మొత్తం భాస్వరం ఎంత ఉందన్నదాన్ని బట్టి శాస్త్రవేత్తలు చెరువులు, సరస్సులను స్థూలంగా ఇలా విభజిస్తారు.

• 10 మైక్రోగ్రాముల లోపు: నీరు తేటగా ఉంటుంది, నాచు చాలా తక్కువ.
• 10 నుంచి 35: మధ్యస్థం. మొక్కలు, చేపలు, నాచు సమతూకంలో ఉంటాయి.
• 35 నుంచి 100: పోషకాలు ఎక్కువ. నీరు తరచూ పచ్చబడుతుంది.
• 100 పైన: మితిమీరిన స్థాయి.

ఇవి ప్రధానంగా చలి దేశాల సరస్సులను చూసి గీసిన గీతలు. మన చెరువులకు అచ్చంగా సరిపోకపోయినా, మార్పు సాగే దారి ఇదే.

మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. ఇప్పుడో లెక్క చూడండి. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం దాదాపు 10 కిలోలు. పదెకరాల విస్తీర్ణం, 8 అడుగుల లోతు ఉన్న చెరువులో పట్టే నీళ్లు సుమారు 10 కోట్ల లీటర్లు. ఆ ఒక్క బస్తాలోని భాస్వరమంతా ఆ నీటిలో కలిస్తే చాలు, లీటరుకు 100 మైక్రోగ్రాములు పెరుగుతుంది.

ఎరువు ఒక్కటే కాదు. మనిషి మలమూత్రాల ద్వారా రోజుకు సుమారు ఒక గ్రాము భాస్వరం బయటికి పోతుంది. అంటే 10 వేల జనాభా మురుగు శుద్ధి కాకుండా చెరువులో కలిస్తే, రోజుకో డీఏపీ బస్తా వేసినట్టే.

చెరువులో ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు?

తేట నీటిలో ఎండ అడుగుదాకా చేరుతుంది. అక్కడ మొక్కలు వేళ్లూనుకుని పెరుగుతాయి. నాచును తినే కంటికి కనిపించీ కనిపించని జీవులు ఆ మొక్కల మధ్య దాక్కుని బతుకుతాయి. చెరువును శుభ్రంగా ఉంచేది నిజానికి ఇవే.

పోషకాలు పెరిగితే నాచు పైన తెరలా కమ్ముకుంటుంది. ఎండ అందక అడుగు మొక్కలు చనిపోతాయి. దాక్కునే చోటు పోయిన చిన్న జీవులను చేపలు తినేస్తాయి. ఇక నాచుకు అడ్డు ఉండదు. కొన్ని చెరువుల్లో గుర్రపు డెక్క పరుచుకుని మిగతా పని పూర్తి చేస్తుంది.

పగలు నాచు ఆక్సిజన్ వదిలినా, రాత్రి అదే పీల్చుకుంటుంది. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు మరికొంత ఖర్చవుతుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. బొచ్చె, శీలావతి లాంటివి ముందు చనిపోతాయి. గాలి పీల్చుకోగల కొర్రమీను, మార్పు తట్టుకుంటాయి. అంటే చెరువులో చేపలు కనిపిస్తున్నంత మాత్రాన నీరు బాగున్నట్టు కాదు. ఏ చేపలు మిగిలాయన్నది చూడాలి.

ఒకప్పుడు హైదరాబాద్‌కు తాగునీరిచ్చిన హుస్సేన్ సాగర్‌ను ఇలా మార్చింది ప్రధానంగా మురుగే. కొల్లేరుకు చేపల చెరువుల మేత, వ్యర్థాలు, పొలాల ఎరువులు తోడయ్యాయి.

నత్రజని కన్నా భాస్వరంపైనే ఎక్కువ దృష్టి ఎందుకు?

కెనడాలో 1973లో శాస్త్రవేత్తలు ‘లేక్ 226’ అనే సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. కొన్ని వారాల్లోనే భాస్వరం వేసిన సగం పచ్చబడింది, రెండో సగం తేటగానే ఉంది. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు నత్రజనిని గాలి నుంచే తీసుకోగలవు. భాస్వరానికి ఆ దారి లేదు. నత్రజనిని వదిలేయాలని దీనర్థం కాదు. కానీ మంచినీటి చెరువుల్లో నాచును అదుపు చేయాలంటే ముందు కట్టడి చేయాల్సింది భాస్వరాన్నే.

కాస్తే విషం పోదా?

పోదు. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాలను తయారు చేస్తాయి. వాటిలో ముఖ్యమైనది మైక్రోసిస్టిన్. కాస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఈ విషం విరగదు. పైగా నాచు కణాలు పగిలి లోపలి విషం నీటిలోకి వస్తుంది.

అమెరికాలోని టొలీడో నగరంలో 2014 ఆగస్టులో ఇదే జరిగింది. ఈరీ సరస్సు నుంచి వచ్చే నీటిలో మైక్రోసిస్టిన్ కనిపించడంతో 4 లక్షల మందికి పైగా జనాన్ని దాదాపు మూడు రోజులు కుళాయి నీళ్లు తాగొద్దన్నారు, కాచుకుని కూడా తాగొద్దన్నారు. ఆ నాచుకు ప్రధాన కారణం చేల నుంచి కొట్టుకొచ్చిన భాస్వరమే.

పచ్చబడ్డ ప్రతి చెరువులోనూ విషం ఉంటుందని కాదు. కానీ కంటితో చూసి తేల్చలేం. నీటిపై పెయింట్ ఒలికినట్టు పచ్చని తెట్టు కడితే పశువులనూ దించకూడదు.

నీటి పరీక్షలో ఇది తెలుస్తుందా?

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో నైట్రేట్‌కు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. ఫాస్ఫేట్‌కు పరిమితి లేదు, ఎందుకంటే అది నేరుగా మనిషికి హాని చేయదు. కాబట్టి మామూలు రిపోర్టు ‘బాగుంది’ అన్నా, చెరువు పచ్చబడే ముప్పు అందులో కనిపించకపోవచ్చు. చెరువులో మొత్తం భాస్వరాన్ని విడిగా కొలవమని అడగాలి.

సున్నం చల్లితే?

సున్నపు బట్టీల ఊరు కాబట్టి పిడుగురాళ్లలో ఈ ప్రశ్న సహజం. సున్నంలోని కాల్షియం భాస్వరాన్ని పట్టి అడుగుకు దించగలదు. మురుగు శుద్ధిలో ఈ పద్ధతి ఉంది. కానీ మోతాదు మించితే నీటి క్షారగుణం పెరిగి చేపలు చస్తాయి. నిపుణుల లెక్క లేకుండా తాగునీటి చెరువులో వేయకూడదు. తెట్టు కట్టాక మైలుతుత్తం, బ్లీచింగ్ చల్లినా కణాలు పగిలి విషం ఒక్కసారిగా బయటపడే ప్రమాదం ఉంది.

మరి ఏం అడగాలి?

పల్లెల్లో పంచాయతీని, గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని, పట్టణంలో మున్సిపాలిటీని ఈ నాలుగూ అడగవచ్చు.

• చెరువులోకి మురుగు కాలువ, చేల నీరు ఏవైపు నుంచి వస్తున్నాయి? వాటిని మళ్లించారా?
• గట్టు చుట్టూ గడ్డి, చెట్ల పట్టీ ఉందా? భాస్వరం ఎక్కువగా మట్టి రేణువులకు అంటుకుని వాన నీటితో వస్తుంది. గడ్డి ఆ మట్టిని ఆపుతుంది.
• పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు? అడుగున ఆక్సిజన్ అయిపోతే పాత బురదలోని భాస్వరం మళ్లీ నీటిలోకి వస్తుంది. అందుకే కొత్త ఎరువు ఆపినా చెరువు వెంటనే బాగుపడదు.
• తీసిన పూడిక ఎక్కడికి వెళ్తోంది? గట్టుమీదే పోస్తే తొలి వానకు తిరిగి చెరువులోకే చేరుతుంది. మన పెద్దలు చేసినట్టు చేలకు తోలితే భూమికి బలం, రైతుకు ఎరువు ఖర్చు కొంత ఆదా.

ఇవి అడగాల్సింది నీరు పచ్చబడ్డాక కాదు. చెరువు ఎండినప్పుడు, మళ్లీ కాలువ నీళ్లు వదలకముందే.