పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో శూన్య పంపు



చల్లబరచడం మానేసిన ఫ్రిజ్‌ను పాత సామాన్లవాళ్లకు అమ్మేస్తుంటాం. అందులో ప్రతి భాగమూ పాడైనట్లేనా? కాదు. గొట్టంలో ఎక్కడో చిల్లుపడి లోపలి వాయువు కారిపోయినా ఫ్రిజ్ పనిచేయదు. అలాంటప్పుడు కంప్రెసర్ బాగానే ఉండవచ్చు. దాన్ని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో శూన్య పంపుగా వాడుకోవచ్చు. ఎలాగో, ఎంతవరకో తెలుసుకుందాం.

పనిచేసే తీరు

ఫ్రిజ్‌లో కంప్రెసర్ చేసే పని ఏమిటి? తక్కువ పీడనంలో ఉన్న వాయువును ఒక గొట్టం ద్వారా తీసుకుని, పిస్టన్‌తో నొక్కి, ఎక్కువ పీడనంతో మరో గొట్టంలోకి పంపడం. ఇప్పుడు మొదటి గొట్టాన్ని ఒక మూసిన పాత్రకు కలిపి, రెండో గొట్టాన్ని బయటి గాలిలోకి వదలండి. పాత్రలోని గాలి దఫదఫాలుగా బయటికి పోతుంది. 17వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఒట్టో ఫాన్ గెరికె చేసిన పంపులోనూ ఉన్నవి ఇవే: సిలిండర్, పిస్టన్, కవాటాలు.

పంపు గాలిని 'పీలుస్తుంది' అంటాం. నిజానికి పిస్టన్ వెనక్కి జరిగి చోటిస్తుంది. పాత్రలోని గాలి తన పీడనంతోనే ఆ చోటులోకి వ్యాపిస్తుంది.

పూర్తి శూన్యం వస్తుందా?

రాదు. పిస్టన్ ఎంత పైకి వెళ్లినా, సిలిండర్ కొనలో కొద్దిపాటి ఖాళీ మిగులుతుంది. ఉదాహరణకు ఆ ఖాళీ 0.3 ఘన సెం.మీ., పిస్టన్ కిందికి దిగినప్పుడు మొత్తం చోటు 10 ఘన సెం.మీ. అనుకుందాం. ఖాళీలో చిక్కిన గాలి పీడనం సుమారు 760 మి.మీ. పాదరసం. బాయిల్ నియమం ప్రకారం అది వ్యాకోచించాక పీడనం 760 × 0.3 ÷ 10, అంటే దాదాపు 23 మి.మీ. పాత్రలోనూ అంతే పీడనం ఉంటే కొత్త గాలి సిలిండర్‌లోకి రాదు. పంపు తిరుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు!

అయినా ఇది తక్కువేమీ కాదు. నీటి బాష్పపీడనం 60° సెంటీగ్రేడ్ వద్ద సుమారు 149 మి.మీ. కాబట్టి పాత్రలో పీడనం అంతకు తగ్గగానే గోరువెచ్చని నీరు కాదు గానీ, 60 డిగ్రీల వేడినీరు మంట లేకుండానే తెర్లుతుంది. గాలి తగ్గేకొద్దీ గంట శబ్దం సన్నగిల్లడం, కట్టిన బెలూన్ ఉబ్బడం కూడా చూడవచ్చు.

తప్పనిసరి జాగ్రత్తలు

ఫ్రిజ్ గొట్టాలను మీరు కోయకండి. పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12 వాయువు ఓజోన్ పొరకు హాని చేస్తుంది. చాలా కొత్త ఫ్రిజ్‌లలోని ఐసోబ్యూటేన్ మండే వాయువు. వాయువును సేకరించడం, గొట్టాలను గుర్తించడం, మూడో గొట్టాన్ని మూయడం, విద్యుత్ కనెక్షన్, ఎర్త్ ఇవ్వడం శిక్షణ పొందిన మెకానిక్ పని.

కంప్రెసర్‌ను నిటారుగానే ఉంచాలి. ఫ్రిజ్‌లో తిరిగొచ్చే చల్లని వాయువు మోటారు వేడిని కొంత తీసుకుపోతుంది. శూన్యంలో ఆ సాయం ఉండదు. అందుకే కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. బయటికొచ్చే గాలితో నూనె తుంపర్లు వస్తాయి. వాటిని పట్టే సీసా అమర్చాలి, దాని మూతి మూయకూడదు. నీటి ఆవిరి నూనెను పాడుచేస్తుంది కనుక దారిలో సిలికా జెల్ ఉంచాలి. పెట్రోలు, స్పిరిట్ ఆవిరులను దీనితో ఎన్నడూ తోడకూడదు.

అన్నిటికంటే ముఖ్యం పాత్ర. 20 సెం.మీ. వ్యాసమున్న మూతపై వాతావరణం 300 కిలోల బరువుకు పైగా నొక్కుతుంది. పలుచని గాజు సీసా లోపలికి పగిలి, ముక్కలు ఎగిరిపడతాయి. శూన్యానికని తయారైన మందపాటి పాత్రనే, ఉపాధ్యాయుల సమక్షంలో, కళ్లద్దాలు పెట్టుకుని వాడండి.

ఆలోచించండి

పై ఉదాహరణలో ఖాళీ 0.6 ఘన సెం.మీ. అయితే పీడనం ఎంతవరకు తగ్గుతుంది? అప్పుడు 30 డిగ్రీల నీరు మరుగుతుందా? ఆ ఉష్ణోగ్రత వద్ద నీటి బాష్పపీడనం సుమారు 32 మి.మీ. లెక్కకట్టి చూడండి.