రెండు రూపాయల ఆతిథ్యము

ప్రయాణమునకు బయలుదేరిన మనుష్యునకు కదలుచున్న కాలముకంటె కూర్చుండి ఎదురుచూచు కాలమే ఒక్కొక్కప్పుడు హెచ్చు. గోదావరి రేవులలో పడవకొరకును, చిన్నస్టేషనులలో చెట్లక్రింద పాసెంజరు బండికొరకును కాచుకొన్న తరములవారికి ఇది క్రొత్త సంగతి కాదు. విమానము వచ్చిన తరువాత ప్రయాణకాలము తగ్గినదేకాని నిరీక్షణము తగ్గలేదు. గంటసేపటి ప్రయాణమునకు రెండు గంటలముందే పోయి కూర్చుండవలెను. ఆ రెండు గంటలును నలుగురితోపాటు కాక, వేరుగా, సుఖముగా గడపుటకై ఏర్పడిన విడిదికి లౌంజి అని పేరు.

కోస్తా జిల్లాలలోని ఒక ఉన్నత పాఠశాలలో ముప్పది మూడేండ్లు లెక్కలు బోధించి విశ్రాంతి తీసికొన్న మాస్టారొకరు ఇటీవల సతీసమేతముగా ఒక మహానగర విమానాశ్రయమునందు ఆ విడిది గుమ్మమువరకు పోయిరి. పుణెలో ఉద్యోగము చేయుచున్న కుమారుడు తన బిడ్డ అన్నప్రాశనమునకు రమ్మని టిక్కెట్లు పంపుటయేకాక, తన ఖాతాపై తండ్రి పేర ఒక క్రెడిట్ కార్డును తెప్పించి ఇచ్చెను. “ఇది చూపిస్తే లౌంజిలోకి పంపుతారు నాన్నా. సోఫాలుంటాయి, టిఫిను, కాఫీ అన్నీ లోపలే. అమ్మ చేత ఏమీ చేయించకండి” అని ఫోనులో మరీ మరీ చెప్పెను. ఇరువురకును అదియే మొదటి విమానప్రయాణము.

నలుబది యేండ్ల సంసారములో పులిహోర పొట్లము లేక ఆ ఇల్లాలు ఊరు దాటి యెరుగదు. ముందునాటి సాయంకాలము చింతపండు నానబెట్టబోగా మాస్టారే వారించిరి. “అక్కడ అన్నీ ఉంటాయటే. ఇంకా ఈ మూటలెందుకు?” అని. ఆమెకు మధుమేహము కలదు. ఉదయము మాత్ర వేసికొన్న తరువాత వేళకు ఆహారము పడవలెను. రాత్రి బస్సులో వచ్చి, తనిఖీలన్నియు ముగించుకొని, లౌంజిలో ఫలహారము సిద్ధముగా ఉండునను ధైర్యముతో ఆమె ఆరు గంటలకే మాత్ర వేసికొనెను.

లౌంజి గుమ్మము ముందు నలుబదిమందికి తక్కువకాని వరుస నిలిచియుండెను. చేతిలో కార్డును పట్టుకొని నిలుచున్నవారిలో కాలేజీ పిల్లలు కలరు, పసిపిల్లల తల్లులు కలరు, వ్యాపారులు కలరు. ధనికుల విడిదియని విని వచ్చిన మాస్టారికి అది రేషనుషాపు వరుసవలె తోచినది.

నిజమునకు ఇది మొదట ధనికుల విడిదియే. 1939లో న్యూయార్కులోని లగార్డియా విమానాశ్రయమున అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ‘అడ్మిరల్స్ క్లబ్’ అను పేర ఇట్టి విశ్రాంతిగృహమును తెరచినది. సంస్థవారు పిలిచినవారికే అందు ప్రవేశము. డబ్బిచ్చెదమన్నను దొరకెడిది కాదు. తరువాతి దశాబ్దములలో ఆ పద్ధతి మారి, చందా కట్టినవారికి తలుపు తెరచుకొన్నది. 1992లో బ్రిటనులో పుట్టిన ‘ప్రయారిటీ పాస్’ ఇంకొక అడుగు వేసి, ఏ విమానములో పోవువారికైనను ఒకే కార్డుతో పలు సంస్థల లౌంజిలలో చోటు కల్పించినది. ఆ వెనుక బ్యాంకులు రంగములో దిగినవి. మనదేశములో నేడు లౌంజి తలుపు తట్టువారిలో అనేకులు విమానము తరగతినిబట్టి కాక కార్డునుబట్టి వచ్చినవారే.

ఈ ఆతిథ్యపు లెక్క కొంచెము చిత్రమైనది. గుమ్మమువద్ద కార్డును గీచినప్పుడు చాలచోట్ల తీసికొనునది రెండు రూపాయలు మాత్రమే. అదికూడ కార్డు చెల్లునో చెల్లదో తెలిసికొనుటకు. అసలు మూల్యమును తలకింతయని లౌంజివారికి బ్యాంకుల పక్షమున వేరొకరు చెల్లింతురు. కావున లోపల ఇడ్లీ తినువాడొకడు, వెల యిచ్చువాడు మరియొకడు. ఇడ్లీ చల్లారినదని తినువాడు ఎవరితో చెప్పుకొనవలెనో తెలియదు. తలలు పెరిగినకొలది లౌంజివారికి రాబడి. తలలు మితిమీరినప్పుడు బ్యాంకులకు భారము. అందుచేతనే 2024 ఏప్రిల్ మొదలుకొని కొన్ని బ్యాంకులు ఒక నిబంధన పెట్టినవి. గడచిన త్రైమాసికములో కార్డుపై నిర్ణీతమైన సొమ్ము ఖర్చు చేసినవారికే ఉచిత ప్రవేశమట. ఉచితమను మాటకు నిఘంటుకారులు ఇంకొక అర్థము చేర్చుకొనవలసి యుండును.

వరుస కదలి మాస్టారి వంతు వచ్చుసరికి ఆరున్నర దాటినది. గుమాస్తా పిల్లవాడు కార్డు గీచి, “ఈ కార్డుకు ఒక్కరికేనండి” అనెను. రెండవవారికి సొమ్ము కట్టెదనని మాస్టారు జేబు తడవిరి. “సారీ సార్, రష్‌గా ఉంది. ఈ టైములో డబ్బులు తీసుకుని ఎవర్నీ పంపడం లేదు” అని అతడు మర్యాదగానే చెప్పెను. వెనుకవారు తొందరపడుచుండిరి. “మీరు వెళ్ళి రండి. పిల్లాడు అంత ప్రేమగా ఇచ్చాడు. నేనిక్కడ కూర్చుంటాను” అని ఇల్లాలు ఎదుటి ఇనుపకుర్చీవైపు నడచినది. రెండు ఇడ్లీలు తెచ్చి ఆమె చేతిలో పెట్టవచ్చునను తలంపుతో మాస్టారు లోనికి పోయిరి.

సోఫాలు లేకపోలేదు, వానిలో ఖాళీ లేదు. కాళ్ళు చాపి నిద్రించువారు కొందరు, సంచులకు చోటిచ్చి తాము నిలుచున్నవారు కొందరు. ఫలహారపు బల్లయొద్ద ఇంకొక వరుస. పొంగలి అడుగంటినది. ఉప్మా పళ్ళెము బోసిపోయి, గరిటె మాత్రము మిగిలినది. ఇడ్లీలు అంచులు ఎండి, చేతికి చల్లగా తగిలినవి. నిలుచున్నచోటనే మాస్టారికి తాను ఏటేట ఏడవతరగతికి చెప్పిన తొట్టి లెక్క జ్ఞప్తికి వచ్చెను. ఒక కుళాయి నింపుచుండగా మరియొకటి ఖాళీచేయుచుండిన తొట్టి ఎప్పటికి నిండును? ఇచట లోనికి వచ్చువారు నిమిషనిమిషమునకు వచ్చుచున్నారు. పోవువారు మాత్రము తమ విమానమునకు వేళయైనప్పుడే లేతురు. తెల్లవారుజాము విమానములన్నియు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఆ తొట్టి పొరలక ఏమి చేయును? లెక్కకు జవాబు సులభముగానే వచ్చినది. ఇడ్లీ మాత్రము ఇరువది నిమిషములకు వచ్చినది.

పళ్ళెముతో గుమ్మము చేరగానే ఇందాకటి పిల్లవాడే అడ్డు వచ్చెను. “బయటకు తీసుకెళ్ళకూడదు సార్, రూల్సు.” భార్యకు చక్కెర పడిపోవునని మాస్టారు చెప్పిరి. అతడు జాలిపడిన మాట నిజము; కన్నెత్తి పైనున్న కెమెరాను చూపిన మాటయు నిజమే. మాస్టారు పళ్ళెమును అక్కడి బల్లపై నుంచి వెలుపలికి వచ్చిరి.

ఇల్లాలి నుదుట చెమటలు పోసియుండెను. చేతులు సన్నగా వణకుచుండెను. ప్రక్క కుర్చీలోని పరాయి స్త్రీ యెవరో తన బిడ్డకై తెచ్చుకొన్న బిస్కత్తులు రెండు ఆమెచేత తినిపించుచుండెను.

రైలు ప్రయాణములో మూడవతరగతివారి పాట్లనుగూర్చి 1917లో గాంధీజీ పత్రికలకు వ్రాసిరి. ఆ తరగతి పేరు 1974లో తొలగింపబడినది. విమానాశ్రయములో అట్టి బోర్డులు లేవు. 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయమున పది రూపాయలకు టీ, ఇరువది రూపాయలకు సమోసా అమ్ము చిన్న ఉపాహారశాల తెరవబడి, పిదప మరికొన్నిచోట్ల వెలసినది. ఆ ఉదయము మాస్టారి కంట అట్టిది పడలేదు. ఎదుటి దుకాణములో రెండు ఇడ్లీలు, ఒక కాఫీ కొనిరి. తమ ఊరిలో వారము రోజుల ఫలహారమునకు సరిపోవు సొమ్మది. “ఎంతయింది?” అని ఆమె రెండుమార్లు అడిగినను ఆయన చెప్పలేదు. “ఆ చింతపండు నానబెట్టనిచ్చి ఉంటే” అని మాత్రము తనలో తాననుకొన్నట్లు అనిరి. ఆమె వినిపించుకొనలేదు, తినుచుండెను.

అనేక విమానాశ్రయములలో నేడు విమానముల రాకపోకలను బిగ్గరగా చాటరు. తెరలపై చూచి తెలిసికొనవలసినదే. తలుపు సాధారణముగా ఇరువదియైదు నిమిషములముందే మూయుదురు. ఆమె తేరుకొనుసరికి తెరపై తమ విమానము పేరు వెలుగుచుండెను. వరుసలో నిలుచుండగా కుమారుని ఫోను వచ్చినది. కార్డునుండి రెండు రూపాయలు తగ్గినట్లు అతనికి అప్పుడే సందేశము అందినదట.

“లౌంజిలోకి వెళ్ళినట్టున్నారే! ఎలా ఉందమ్మా?”

“బాగుంది నాన్నా. చల్లగా ఉంది. నాన్నగారు ఇడ్లీ కూడా తెచ్చిపెట్టారు” అనెను ఆ తల్లి.

మాస్టారు జేబులోని దుకాణపు బిల్లును మరియొక మడత పెట్టిరి.