పాలపళ్ల లెక్కలో కరోనా ఏడాది

ఇంగ్లండులో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు ఆస్పత్రిలో చేరడానికి అన్నిటికంటే పెద్ద కారణం పుచ్చు పళ్లు. టాన్సిల్స్ కూడా దాని తర్వాతే. చిన్నపిల్లలకి ఒకేసారి నాలుగైదు పళ్లు తియ్యాలంటే మత్తు ఇవ్వక తప్పదు. పూర్తి మత్తు ఆస్పత్రిలోనే ఇవ్వాలని ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా నిబంధన. అందుకే వీధి చివరి క్లినిక్‌లో తేలాల్సిన వ్యవహారం ఆపరేషన్ థియేటర్ దాకా వెళుతుంది.

19 ఏళ్ల వరకు ఉన్నవారికి పుచ్చు వల్ల ఆస్పత్రుల్లో పళ్లు తీసిన కేసులు 2020-21లో 15 వేల లోపే. మరుసటి ఏడాది 26,741. ఒక్కసారిగా 83 శాతం పెరుగుదల! 2022-23లో 31,165. ఈ అంకెలు చూసి కరోనా కాలంలో పిల్లల పళ్లు బాగుపడి, తర్వాత పాడయ్యాయని ఎవరైనా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. తగ్గింది పుచ్చు కాదు, పళ్లు తియ్యడం.

2020 మార్చి 25న మామూలు దంతవైద్యం ఆగిపోయింది. డెంటిస్టులు ఫోన్‌లోనే సలహా చెప్పి, నొప్పి మాత్రలో యాంటీబయాటిక్సో రాసేవారు. జూన్ 8న క్లినిక్‌లు తెరిచినా, డ్రిల్లు నుంచి లేచే తుంపర భయంతో ఒక పేషెంటు వెళ్లాక గదిని గంట దాకా ఖాళీగా ఉంచాల్సి వచ్చేది. ఆస్పత్రుల్లో మత్తు డాక్టర్లు ఐసీయూలకు వెళ్లిపోయారు. పన్ను మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఫిల్లింగ్‌తో పోయేది నరం దాకా దిగి, ఆఖరికి తీసెయ్యాల్సి వచ్చింది. పేద ప్రాంతాల పిల్లల్లో ఈ బాధ సంపన్న ప్రాంతాలకు దాదాపు మూడున్నర రెట్లు.

కరోనా పోయినా డెంటిస్టులు దొరకలేదు. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్‌లో కొత్త పేషెంట్లను చేర్చుకుంటామన్న ఒక క్లినిక్ ముందు వందల మంది బారులు తీరితే పోలీసులు రావలసి వచ్చింది. మరోపక్క, మన దేశంలో బీడీఎస్ చదివి వచ్చినవారు ఇక్కడ ప్రాక్టీసు పెట్టడానికి రాసే ఓఆర్ఈ పరీక్ష కరోనా వల్ల రెండేళ్ల దాకా జరగనే లేదు. డెంటిస్టు లేక జనం, పరీక్ష లేక డెంటిస్టులు.

ఇక మన ఇళ్ల సంగతి. “పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే” అని అమ్మమ్మలు, నానమ్మలు వీడియో కాల్‌లో ధైర్యం చెబుతారు. వెనకవైపు పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. వాటి కింద శాశ్వత పళ్లు వరస కోసం కాచుకుని ఉంటాయి. రాత్రి పడుకోబోయేముందు చక్కెర వేసిన బూస్టు పాలసీసా నోట్లో పెట్టే అలవాటు ఇంగ్లండు చలికి ఇంకాస్త బలపడుతుంది కూడా.

పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడ్ పేరు చెబితేనే నల్లగొండ నుంచి వచ్చినవారికి దడ. వంగిన నడుములు, గోధుమరంగు మరకల పళ్లు చూసినవారి భయాన్ని తప్పుపట్టలేం. అయితే అక్కడి బావుల్లో ఉన్నది మోతాదు మించిన ఫ్లోరైడ్. బర్మింగ్‌హామ్ నల్లా నీళ్లలో 1964 నుంచి కలుపుతున్నది లీటరుకు ఒక మిల్లీగ్రాము. అలా కలిపే ఊళ్లలో పిల్లలు పళ్ల కోసం ఆస్పత్రికి వెళ్లడం తక్కువని ప్రభుత్వ నివేదికలే చెబుతున్నాయి. పేస్టులో ఫ్లోరైడ్ ఉందని పక్కన పెట్టకండి. మూడేళ్లలోపు బిడ్డకు బ్రష్ మీద పూత పూసినంత, ఆ పైన బఠాణీ గింజంత చాలు. తోమాక ఉమ్మించండి, నీళ్లతో పుక్కిలించనివ్వకండి.

మొదటి పన్ను రాగానే, ఏడాది నిండేలోపే డెంటిస్టు దగ్గర పేరు రాయించండి. పెద్దలకు చోటు లేదన్నా పిల్లల కోసం అడగండి. 18 ఏళ్లలోపు వారికి ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) దంతవైద్యం ఉచితం.