ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత కళ్లు కనిపించకపోతే?

మీ తాతగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది, ఇంకా థియేటర్ నుంచి బయటికి తెస్తున్నారు. ఆయన "లైట్లు ఎందుకు ఆర్పేశారురా?" అన్నారనుకోండి. చుట్టూ చూస్తే వెలుతురే! ఇది అరుదు, కానీ జరుగుతుంది.

ప్రోస్టేట్ పెరిగి మూత్రం దారికి అడ్డుపడితే టీయూఆర్‌పీ చేస్తారు. బయట కోత ఉండదు. మూత్రనాళం గుండా పరికరం పంపి, కరెంటు తీగతో అడ్డున్న భాగాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తారు. రక్తం అడ్డురాకుండా లోపల లీటర్ల కొద్దీ ద్రవం పారుతూనే ఉండాలి. పాత పద్ధతి, అంటే మోనోపోలార్‌లో సెలైన్ పనికిరాదు. ఉప్పునీళ్లలో కరెంటు చెదిరిపోతుంది కదా. అందుకే చాలాచోట్ల 1.5 శాతం గ్లైసిన్ కలిపిన నీళ్లు వాడతారు.

తెగిన సిరల్లోంచి ఆ ద్రవం కొంత రక్తంలోకి పోతుంది. మరీ ఎక్కువ పోతేనే తంటా. గ్లైసిన్ మన ఒంట్లో మామూలుగా ఉండేదే, కంటి రెటీనాలో సంకేతాలకు బ్రేకు వేయడం దాని పని. అది ఒక్కసారిగా పెరిగితే ఆ బ్రేకు గట్టిగా పడుతుంది. చూపు మసకబారుతుంది, ఒక్కోసారి పూర్తిగా చీకటే. రెటీనా దెబ్బతినలేదు కాబట్టి, గ్లైసిన్ తగ్గేకొద్దీ చూపు కూడా వచ్చేస్తుంది, సాధారణంగా 24 గంటల్లోపే.

మరి తిరిగొస్తుందని ఊరుకోవచ్చా? అస్సలు వద్దు. అదే ద్రవం రక్తంలో సోడియంను పలచన చేస్తుంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. బాగా పడిపోతే తికమక, వాంతులు, ఫిట్స్, ప్రాణాపాయం కూడా. కాబట్టి మసక అన్న క్షణంలోనే నర్సుకి చెప్పండి, "ముసలాయన, మత్తులో ఏదో అంటున్నాడు" అని మీరే తేల్చేయకండి. వెన్నుకు మత్తిచ్చి పేషెంట్‌ని మెలకువగా ఉంచడంలో ఒక లాభం ఇదే, తేడా వస్తే ఆయనే చెప్పగలరు. డాక్టర్లు సోడియం పరీక్షించి జాగ్రత్తగా సరిచేస్తారు. మరీ వేగంగా పెంచినా మెదడుకు ప్రమాదం.

ఇంకోటి. ఇంటికొచ్చిన కొన్ని రోజులకు, అదీ ఒక కంటికే చూపు పోతే అది గ్లైసిన్ పని కాదు. ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బైపోలార్ టీయూఆర్‌పీలో, హోల్మియం లేజర్‌లో సెలైన్ వాడతారు కాబట్టి ఈ గ్లైసిన్ బాధ ఉండదు. ఆపరేషన్‌కు ముందే అడగండి: "డాక్టర్‌గారూ, లోపల ఏ ద్రవం వాడతారు? ఎంతసేపు పట్టొచ్చు?"