‘బహ్రెయిన్’ అని ఎంచుకుంటే ఆ జవాబు ఎక్కడికి పోతుంది?

మనామాలో ఒక ఆఫీసు. కొత్త సర్వర్‌లో డెబియన్ లినక్స్ ఎక్కిస్తున్నారు. భాష ఏదని అడిగాక, మీరున్న దేశం ఏదని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. బహ్రెయిన్ అని ఎంచుకుని ముందుకు వెళ్లిపోతాం. గల్ఫ్‌లో సర్వర్ల పని చేసే తెలుగువాళ్లకు అలవాటైన తెరే ఇది. ఆ ఒక్క జవాబు వెంట నడిస్తే సిస్టమ్ లోపలి అమరిక తెలుస్తుంది, సర్వర్ల గురించి మనం రాసుకునే డాక్యుమెంట్లు ఎందుకు తప్పుదారి పడతాయో కూడా తెలుస్తుంది.

దేశం పేరుతో ఇన్‌స్టాలర్‌కేం పని?

గడియారం, డబ్బు రాసే తీరు, వారం ఏ రోజు మొదలవుతుంది, ప్యాకేజీలు ఏ దేశపు మిర్రర్ నుంచి తేవాలి వంటివి దాన్ని బట్టి తేలుతాయి. భాష ఇంగ్లిష్, దేశం బహ్రెయిన్ అంటే డెబియన్ ఇన్‌స్టాలర్ ఒక క్షణం ఆగి, ఈ జోడీకి అమరిక లేదు, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోమంటుంది. బహ్రెయిన్‌కు సిద్ధంగా ఉన్నది అరబిక్ అమరికే. చాలామంది అమెరికన్ ఇంగ్లిష్‌ను ఎంచుకుంటారు. తప్పేమీ కాదు. కాకపోతే అమెరికా అమరికలో డబ్బుకు చుక్క తర్వాత రెండే అంకెలు. బహ్రెయిన్ దినారుకు వెయ్యి ఫిల్స్, అంటే మూడు అంకెలు కావాలి. ఈ అమరికను నమ్ముకున్న బిల్లింగ్ ప్రోగ్రాము ఏదైనా ఉంటే చివరి అంకె ఎటుపోయిందని తర్వాత వెతుక్కోవాలి. అందుకే ఆ తెర మీద ఏం ఎంచుకున్నామో రాసిపెట్టాలి.

జవాబు చివరికి ఎక్కడ చేరుతుంది?

గడియారం సంగతే చూద్దాం. సెట్టింగులన్నీ ఉండే చోటు ‘/ఈటీసీ’. అందులో ‘లోకల్‌టైమ్’ అనే లింకు ఉంటుంది. అది ‘/యూఎస్ఆర్/షేర్/జోన్‌ఇన్ఫో’ కింద ఉన్న ‘ఆసియా/బహ్రెయిన్’ అనే ఫైలును చూపిస్తుంది. అక్కడితో అయిపోలేదు. ప్రపంచమంతా వాడే టైమ్ జోన్ డేటాబేసులో బహ్రెయిన్ పేరు ఖతార్‌కు ఇంకో లింకు. 1970 నుంచి గడియారాలు ఒకేలా నడిచిన ప్రాంతాలకు ఆ డేటాబేసు ఒకే చరిత్ర ఉంచుతుంది. ఆ డేటాబేసు ప్రకారం మనామా గడియారం నిజానికి దోహా లెక్కే.

ఈ ఫోల్డర్ల పేర్లు ఎవరు పెట్టారు?

కొంత ఆలోచన, కొంత ఇరుకు. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పెరిగి మొదటి డిస్కు చాలక, వాడేవాళ్ల సొంత ఫైళ్లున్న రెండో డిస్కులోకి పొంగింది. ఆ రెండోదే ‘యూఎస్ఆర్’. తర్వాత సొంత ఫైళ్లు వేరే చోటికి తరలిపోయాయి, పేరు మాత్రం ప్రోగ్రాములకు మిగిలిపోయింది. లినక్స్ పంపిణీలు తలో దారి పట్టకుండా 1994లో ఒక ప్రమాణం రాశారు. దాని వారసుడి 3.0 కూర్పు 2015లో వచ్చింది. సెట్టింగులు ‘/ఈటీసీ’లో, రోజూ మారే లాగ్‌ల వంటివి ‘/వార్’లో, ప్రోగ్రాములు ‘/యూఎస్ఆర్’లో అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలుగుతున్నది అందువల్లే. పాత డిస్కు ఇరుకు వల్ల ప్రోగ్రాములు ‘/బిన్’, ‘/యూఎస్ఆర్/బిన్’ అని రెండు చోట్ల పడిన చీలికను ఫెడోరా 2012లో పూడ్చింది. డెబియన్ 2019లో కొత్త ఇన్‌స్టలేషన్లతో మొదలుపెట్టి, 2023 నాటి 12వ కూర్పుతో అందరికీ తప్పనిసరి చేసింది. ‘/బిన్’ ఇప్పుడు ‘/యూఎస్ఆర్/బిన్’కు లింకు మాత్రమే.

డాక్యుమెంట్లు ఎందుకు పాతబడతాయి?

ఫైలు చోటు మారినా పాత చోట లింకు ఉంటుంది. పాత డాక్యుమెంటు చెప్పినట్టు చేసినా పని జరిగిపోతుంది. జరుగుతున్నంత కాలం దాన్ని ఎవరూ సరిచేయరు. లింకులు మనకు మేలే చేస్తున్నాయి, కాని ఆ మేలు చాటున తప్పు పెరుగుతూ ఉంటుంది. లింకు తీసేసిన రోజున ఏళ్లనాటి తప్పు ఒక్కసారిగా బయటపడుతుంది.

దీనికి మనకు బాగా దగ్గర ఉదాహరణ కోల్‌కతా. టైమ్ జోన్ డేటాబేసులో ‘ఆసియా/కలకత్తా’ 2008లో ‘ఆసియా/కోల్‌కతా’ అయింది. పాత పేరు లింకుగా ఉండిపోయింది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఈమధ్య ఉబుంటు, డెబియన్ ఇటువంటి పాత పేర్లను వేరే ప్యాకేజీలోకి మార్చాయి. అడిగి వేసుకుంటే తప్ప అది రాదు. ఇండియాలో విండోస్ కంప్యూటర్ మీద నడిచే జావా ప్రోగ్రాము ఇప్పటికీ ‘కలకత్తా’ అనే పలుకుతుంది. అవతల డెబియన్ 13 మీదున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేసు అలాంటి టైమ్ జోనే లేదని కనెక్షన్ తిప్పికొడుతుంది. హైదరాబాద్‌లో కూర్చున్న కుర్రాడు పాస్‌వర్డ్ తప్పేమో, ఫైర్‌వాల్ అడ్డమేమోనని గంటలకొద్దీ వెతుకుతాడు.

సరిగా ఉంచడం ఎలా?

మొదట, ఏ కూర్పుకు రాశారో పైనే ఉండాలి. ఉబుంటు 24.04 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ప్యాకేజీల చిరునామాలు ‘సోర్సెస్.లిస్ట్’లో కాకుండా ‘ఉబుంటు.సోర్సెస్’ అనే ఫైలులో ఉంటున్నాయి. కూర్పు సంఖ్య లేని డాక్యుమెంటు చదివేవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

రెండోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఇన్‌స్టాలర్‌కు ఏ జవాబులిచ్చామో జ్ఞాపకం మీద రాయకూడదు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్ అయిన అనకొండ మన జవాబులన్నీ ‘/రూట్’లో ఒక కిక్‌స్టార్ట్ ఫైలుగా రాసి వెళ్తుంది. ఉబుంటు సర్వర్ ‘/వార్/లాగ్/ఇన్‌స్టాలర్’లో పెడుతుంది. తర్వాతి సర్వర్‌ను ఆ ఫైలుతోనే ఎక్కించండి. కిక్‌స్టార్ట్‌లో ఒక కమాండ్ తప్పుంటే ఇన్‌స్టలేషన్ ఆగిపోతుంది, తప్పు ఆరోజే కనబడుతుంది. వర్డ్ ఫైలులో తప్పుంటే ఏదీ ఆగదు.

మూడోది సమయం. అమెజాన్ 2019లో బహ్రెయిన్‌లో క్లౌడ్ రీజియన్ తెరిచింది. అక్కడ తీసుకునే సర్వర్లకు ఇన్‌స్టాలర్ తెరే రాదు. సిద్ధంగా ఉన్న డిస్కు నకలు నుంచి లేస్తాయి, మామూలుగా యూటీసీ గడియారంతోనే. ‘రాత్రి 2 గంటలకు బ్యాకప్’ అని రాస్తే ఎవరి రెండు? యూటీసీ ప్రకారం రెండంటే మనామాలో ఉదయం 5, హైదరాబాద్‌లో ఏడున్నర. ‘ఆదివారం సర్వర్ ఆపుతాం’ అన్న వాక్యం హైదరాబాద్‌లో రాస్తే తెలివైన నిర్ణయం. బహ్రెయిన్‌లో ఆదివారం వారానికి మొదటి పనిదినం. అక్కడ 2006 నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, అంతకుముందు గురు, శుక్రవారాలు. కాబట్టి రోజు, గంట, టైమ్ జోన్ మూడూ కలిపి రాయండి.

చివరగా, కొత్తగా చేరినవాళ్ల చేత ఖాళీ వర్చువల్ మెషీన్ మీద ఆ డాక్యుమెంటును అక్షరాలా నడిపించండి. పక్కన కూర్చోండి గాని నోరు విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ వైపు చూశారో ఆ వాక్యాన్ని అదే పూట మార్చండి, మార్చిన తేదీ కిందనే వేయండి.