ఇంటి అమ్మకము – మధ్యవర్తి రుసుము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత బడిపిల్లలకును తెలిసినదే. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము మన పెద్దలు చెప్పలేదు. ఆ కాలమున ఇల్లు అమ్ముట అరుదు. అమ్మవలసి వచ్చినను కొనువాడు ఆ వీధిలోనో, బంధువర్గములోనో దొరకెడివాడు. నేడు ఆ స్థితి లేదు. ఉద్యోగరీత్యా ఊళ్ళు మారువారు, విశ్రాంతి పొంది పిల్లల యొద్దకు పోవువారు, వైద్యమునకో వివాహమునకో ధనము కావలసినవారు ఇల్లు అమ్మకమునకు పెట్టుచున్నారు. కొనువాడు ఎక్కడివాడో తెలియదు. ఇరువురి నడుమ మధ్యవర్తి నిలుచుచున్నాడు. బేరము ముగిసిన పిమ్మట "నాలుగు మాటలు చెప్పినందుకు ఇంత సొమ్మా?" అని అమ్మినవాడు నొచ్చుకొనును. "నా తిరుగుడు మీకేమి తెలియునండీ?" అని మధ్యవర్తియు నొచ్చుకొనును. ఇందు న్యాయమెవరి పక్షమున ఉన్నది?

ఇల్లు అమ్ముటను గూర్చి మన ప్రాచీనులు ఆలోచింపకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున ఇందుకొక పద్ధతి చెప్పబడినది. జ్ఞాతులు, ఇరుగుపొరుగువారు, ఋణదాతలు ఈ వరుసలో కొనుటకు హక్కు కలవారు, పిమ్మటనే ఇతరులు. పొరుగున ఉన్న నలువది కుటుంబములవారి సమక్షమున, ఆ ఇంటి యెదుటనే, హద్దులు చెప్పి, ఆ వెలకు కొనువారెవరని మూడుమారులు ప్రకటింపవలెను. ఎవరును అడ్డు చెప్పనిచో కొనదలచినవాడు కొనవచ్చును. పోటీవలన వెల పెరిగినచో ఆ పెరిగిన భాగము శుల్కముతో కూడ రాజకోశమునకు చేరును.

ఈ పద్ధతిలో మధ్యవర్తికి పనియే లేదు. ఏలయన నేడు అతడు చేయు పనులు నాడు ఆ నలువది కుటుంబములే చేసెడివి. ఇల్లు ఎవరిదో, హద్దులెంతవరకో, దానిమీద అప్పులున్నవో లేవో వారెరుగుదురు. వెల బహిరంగమే. నేటి పట్టణములలో, అంతస్తుల భవనములలో ఎదురింటివాని పేరైనను తెలియదు. ఇరుగుపొరుగువారికి ఊరక తెలిసి ఉండెడి సంగతులనే మధ్యవర్తి నేడు సేకరించి వెలకు ఇచ్చుచున్నాడు.

సమర్థుడైన మధ్యవర్తి చేయు పని తక్కువది కాదు. ఆ పేటలో ఇటీవల ఏ ఇల్లు ఎంతకు చేతులు మారినదో అతనికి తెలియును. ఊరక చూచిపోవువారినుండి నిజముగా కొనువారిని వేరుచేయును. లింకు దస్తావేజులు వరుసగా ఉన్నవా, ఈసీలో పాత తాకట్టేదైన కనబడుచున్నదా, స్థలము నిషేధిత జాబితాలో ఉన్నదా, వారసులందరును సంతకము చేయుదురా అని ముందుగనే విచారించును. బయానా ముట్టిన దినము మొదలు రిజిస్ట్రేషను పూర్తియగు దినము వరకు, కొనువాని బ్యాంకు ఋణము ఆలస్యమైనను, బేరము చెడకుండ కాచుకొని వచ్చును. ముఖాముఖి అనుకొన్న కలహమునకు దారితీయు మాటలను తన నోట మెత్తగా చెప్పును. పెండ్లిండ్ల పేరయ్య పెండ్లి వ్యవహారములో చేయు మేలే ఇతడు ఇంటి వ్యవహారములో చేయుచున్నాడు. ఇన్నియు చేసినవాడు రుసుమునకు అర్హుడనుటలో సందేహము లేదు.

చిక్కు రుసుము ఇచ్చుటలో లేదు. దానిని లెక్కకట్టు విధానములో ఉన్నది. విద్యార్థులు తేలికగా చేయదగిన లెక్క యిది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటికి 60 లక్షల రూపాయలకు బేరము వచ్చినదనుకొందము. రుసుము నూటికి ఒక రూపాయి. మధ్యవర్తికి 60,000 రూపాయలు ముట్టును. మరి రెండు నెలలు ఓపిక పట్టినచో 62 లక్షలు పలుకునని అతనికి తెలియును. అప్పుడు ఉపాధ్యాయునికి రుసుము పోను అదనముగా 1,98,000 రూపాయలు మిగులును. మధ్యవర్తికి అదనముగా వచ్చునది 2,000 రూపాయలే. ఆ సొమ్ముకై రెండు నెలలు తిరుగుటకంటె "మాస్టారూ, ఇంతకుమించి రాదండీ, ఇచ్చివేయండి" అని చెప్పి మరియొక ఇంటి బేరము చూచుకొనుట అతనికి లాభము. ఇందుకు అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. లెక్క తెలిసినవాడైన చాలును.

ఇది వట్టి ఊహ కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు షికాగో ప్రాంతమున జరిగిన సుమారు లక్ష ఇళ్ళ అమ్మకములను పరిశీలించి, ఫలితములను 2008లో ప్రకటించిరి. వానిలో 3,000కు పైగా ఇళ్ళు మధ్యవర్తుల సొంతవి. తమ ఇళ్ళను వారు, అటువంటివే అయిన పరుల ఇళ్ళకంటె నూటికి 3.7 వంతుల అధిక వెలకు అమ్ముకొనిరి. అందుకై సగటున 9.5 దినములు ఎక్కువ వేచిరి. పరుల ఇంటి విషయమున ఆ ఓపిక వారికి లేకపోయినది.

అట్లైన మధ్యవర్తిని మానుకొనుటయే మేలా? ఆ దేశమందే మాడిసన్ నగరములో, యజమానులు స్వయముగా అమ్ముకొన్న ఇళ్ళను, మధ్యవర్తుల ద్వారా అమ్ముడైన ఇళ్ళను పోల్చి చూచిన పరిశోధన 2009లో వెలువడినది. స్వయముగా అమ్ముకొన్నవారికి వచ్చిన వెల తక్కువ కాలేదు. కాని వారి ఇళ్ళు అమ్ముడగుటకు ఎక్కువ కాలము పట్టినది. అసలు అమ్ముడగు అవకాశమును తక్కువగానే ఉండెను. ఈ రెండు పరిశోధనలను కలిపి చూచిన ఒక సంగతి స్పష్టమగును. మధ్యవర్తి సాధారణముగా వెల పెంచువాడు కాడు. కొనువానిని త్వరగా తెచ్చువాడు. తొందర కలవానికి అతని సేవ విలువైనది. ఓపికయు, తీరికయు, తెలిసిన మనుష్యులును కలవానికి అంతగా అవసరము కాకపోవచ్చును.

మన పట్టణములలో మరియొక చిక్కు కలదు. ఒకే మధ్యవర్తి అమ్మువాని వద్ద నూటికి ఒకటో రెండో రూపాయలు, కొనువాని వద్దను అట్లే పుచ్చుకొనుట వాడుక. అర్థశాస్త్రమున గూఢచారుల ప్రసంగములో 'ఉభయవేతనుడు' అను మాట కలదు. ఇరుపక్షములనుండి జీతము పుచ్చుకొనువాడని దాని అర్థము. ఒకనికి హెచ్చు వెల కావలెను, మరియొకనికి తగ్గు వెల కావలెను. ఇరువురి మేలును ఒకడు ఎట్లు కోరగలడు? ఇరువురకు తెలిసి పుచ్చుకొన్నచో అది సయోధ్య కుదిర్చిన కూలి. దాచి పుచ్చుకొన్నచో వంచన. అమెరికాలో ఇరుపక్షములకు వేరువేరు మధ్యవర్తులుందురు గాని, కొనువాని మధ్యవర్తి రుసుమును కూడ అమ్మువాడే భరించు ఆచారముండెను. దానిపై కాన్సస్ సిటీ న్యాయస్థానమున అమ్మకందారులు వ్యాజ్యము వేయగా 2023 అక్టోబరులో జ్యూరీ వారి పక్షమున తీర్పు చెప్పినది. పిమ్మట కుదిరిన రాజీ ననుసరించి 2024 ఆగస్టునుండి, కొనువాడు ఇల్లు చూడబోవుటకు ముందే తన మధ్యవర్తితో వ్రాతపూర్వకముగా ఒప్పందము చేసికొనవలసి వచ్చినది.

మన చట్టములును ఈ విషయమున మౌనముగా లేవు. 2016 నాటి రెరా చట్టము, నమోదైన నిర్మాణములలో ఇళ్ళు అమ్మించు ఏజెంట్లు తామును నమోదు కావలెనని విధించినది. పాత ఇంటి అమ్మకమునకు ఆ నిర్బంధము వర్తింపదు. అచట మనకు ఆధారము 1872 నాటి కాంట్రాక్టు చట్టము. వేరు ఒప్పందము లేనిచో పని పూర్తియైన పిమ్మటనే ఏజెంటుకు ప్రతిఫలము బాకీ యగునని 219వ సెక్షను చెప్పుచున్నది. చెడునడతతో నిర్వహించిన పనికి ప్రతిఫలము లేదని 220వ సెక్షను చెప్పుచున్నది. 215వ సెక్షను మరింత ఆసక్తికరమైనది. అమ్మిపెట్టుమన్న ఆస్తిని ఏజెంటు మరియొకని పేరిట తానే కొన్నచో, ముఖ్యమైన సంగతి దాచెననియో, అమ్మకమువలన తనకు నష్టము కలిగెననియో చూపి యజమాని ఆ అమ్మకమును త్రోసిపుచ్చవచ్చును.

కావున ఇల్లు అమ్మువాడు బేరమునకు ముందే కొన్ని సంగతులు కాగితముపై వ్రాయించుకొనుట మంచిది. మధ్యవర్తి ఏ యే పనులు చేయును? రుసుము ఎప్పుడు ముట్టవలెను? ఎదుటివానివద్ద అతడు ఎంత పుచ్చుకొనును? రుసుమును కూడ మరియొక విధముగా కట్టవచ్చును. పై ఉదాహరణములోనే 60 లక్షల వరకు మొత్తముగా 40,000 రూపాయలనియు, ఆపైన వచ్చిన సొమ్ములో నూటికి పది రూపాయలనియు నిర్ణయించినచో, 62 లక్షలకు అమ్మిన మధ్యవర్తికి 60,000 వచ్చును. మునుపటి పద్ధతిలో వచ్చు 62,000 కంటె ఇది తక్కువే. కాని ఆ రెండు నెలల ఓపికకు ఇప్పుడు 2,000 కాక 20,000 ముట్టుచున్నది. అతని మేలును, యజమాని మేలును ఒక త్రోవన నడుచును.

అయితే మొదటి వెల తక్కువగా కట్టినచో ఈ పద్ధతియు యజమానికే నష్టము తెచ్చును. అందుచేత ఆ వెలను మధ్యవర్తి నోట మాత్రమే వినరాదు. ఆ వీధిలో ఈమధ్య ఇల్లు అమ్మినవారిని, కొన్నవారిని ఇద్దరు ముగ్గురినైన స్వయముగా పోయి అడుగవలెను. ముప్పది యేండ్ల జీతములో మిగిల్చి కట్టుకొన్న ఇంటికొరకు ఒక వారము దినములు ఇరుగుపొరుగువారి గడప త్రొక్కుట పెద్ద శ్రమ కాదు. అట్లు తెలిసికొని వచ్చిన యజమానితో మధ్యవర్తి నిజాయితీగానే మాటలాడును. చేసిన పనికి రుసుము ఇచ్చుటకు ఆ యజమానికిని మనసు నొప్పదు.