పొరుగు రూటర్ మాట నమ్మాలా?

ముంబయి హైవే మీద పటాన్‌చెరు దాటగానే ముత్తంగి. 65వ నంబరు జాతీయ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోటు అది. పాశమైలారం కంపెనీల లారీలు, జహీరాబాద్ బస్సులు అన్నీ అక్కడి బోర్డులను నమ్ముకునే సాగుతాయి. ‘విజయవాడ’ బోర్డును ఎవరైనా పడమరకు తిప్పి పెడితే, దారి తెలియని డ్రైవర్లు జహీరాబాద్ వైపు పోతారు. ఇంటర్నెట్‌లో ఇలాంటి తప్పుడు బోర్డులు చాలాసార్లు వెలిశాయి. వాటిని వడకట్టడానికి పుట్టిందే రూట్ ఫిల్టర్.

ఇంటర్నెట్ అంటే ఒకే నెట్‌వర్క్ కాదు. 70 వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్క్‌ల కలయిక. ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక ఏఎస్ నంబరు ఉంటుంది. ‘ఈ ఐపీ అడ్రసులకు నా మీదుగా వెళ్లవచ్చు’ అని ప్రతి నెట్‌వర్క్ రూటర్ పొరుగు రూటర్‌కు చెబుతుంది. రూటు అనే ఆ కబురు ఒకరి నుంచి ఒకరికి ప్రపంచమంతా పాకుతుంది. ఈ సంభాషణకు వాడే పద్ధతే బీజీపీ. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్ సమావేశాల్లో సిస్కో ఇంజనీరు కిర్క్ లాహీడ్, ఐబీఎం ఇంజనీరు యాకొవ్ రెక్టర్ మధ్యాహ్న భోజనం దగ్గర కాగితపు రుమాళ్ల మీద దీని రూపం గీసుకున్నారు. అదే ఏడాది జూన్‌లో అది పత్రంగా వెలువడింది. అప్పటి నెట్‌వర్క్‌లు ఎక్కువగా విశ్వవిద్యాలయాలవి, పరిశోధన సంస్థలవి. నడిపేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకే పొరుగు రూటర్ చెప్పింది నిజమో కాదో సరిచూసే ఏర్పాటు బీజీపీలో పెట్టలేదు.

ఆ లోపం 1997 ఏప్రిల్ 25న బయటపడింది. అమెరికాలో ఏఎస్ 7007 అనే చిన్న నెట్‌వర్క్ రూటర్ ప్రపంచంలోని వేల రూట్లను ముక్కలు చేసి, అవన్నీ తనవేనన్నట్టు ప్రకటించింది. రూటర్లకు ఒక నియమం ఉంది. ఒకే అడ్రసుకు రెండు రూట్లు కనిపిస్తే, చిన్న గుంపును సూచించేదాన్నే ఎంచుకుంటాయి. 1,024 అడ్రసుల రూటు కంటే అందులోని 256 అడ్రసుల రూటుదే గెలుపు. అందుకే ఆ ముక్కల వైపు ట్రాఫిక్ వెల్లువెత్తింది. ఆ రూటర్ ప్లగ్గు పీకేసినా తప్పుడు రూట్లు ఇతర రూటర్లలో కొంతకాలం నిలిచిపోయాయి.

ఫిల్టర్ చేసే పని చెప్పడానికి తేలికే. పటాన్‌చెరులో ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్‌కు 1,024 అడ్రసులు ఉన్నాయనుకుందాం. అతనికి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే పెద్ద సంస్థ తన రూటర్‌లో ప్రిఫిక్స్ లిస్ట్ రాస్తుంది: ఈ పొరుగు నుంచి ఆ 1,024 అడ్రసుల రూటు వస్తేనే తీసుకో, మిగతావి వదిలేయ్. రూటు ఏయే ఏఎస్ నంబర్ల మీదుగా వచ్చిందో చూడటం రెండో పరీక్ష. రూట్ల సంఖ్య పరిమితి దాటితే కనెక్షన్ తెంచేయడం మూడోది. ఆపరేటర్ వైపు కూడా బాధ్యత ఉంది. ఒక ప్రొవైడర్ దగ్గర నేర్చుకున్న రూట్లను ఇంకో ప్రొవైడర్‌కు చెప్పకూడదు. చెబితే రెండు మహా నెట్‌వర్క్‌ల ట్రాఫిక్ అతని సన్నని లింకు మీద పడుతుంది. దీన్నే రూట్ లీక్ అంటారు.

2015లో మన దేశం రూట్ లీక్‌నూ, ఏఎస్ 7007 లాంటి తప్పుడు ప్రకటననూ చూసింది. మార్చి 12న హాత్‌వే నెట్‌వర్క్ గూగుల్ నుంచి నేరుగా నేర్చుకున్న 336 రూట్లు ఎయిర్‌టెల్‌కు చేరి, అక్కడి నుంచి బయటి దేశాలకు పాకాయి. కొద్ది నిమిషాలపాటు గూగుల్ సేవలు చాలామందికి అందలేదు. నవంబర్ 6న ఎయిర్‌టెల్ నెట్‌వర్క్ ఇతరులకు చెందిన 16 వేలకు పైగా రూట్లను తనవిగా ప్రకటించింది. మొదటిది ‘దారి నా మీదుగానే’ అన్న తప్పు. రెండోది ‘ఈ అడ్రసులు నావే’ అన్న తప్పు.

రెండో తప్పుకు మందు ఆర్‌పీకేఐ. ఏ అడ్రసులను ఏ ఏఎస్ నంబరు ప్రకటించవచ్చో హక్కుదారు డిజిటల్ సంతకంతో నమోదు చేస్తాడు. రూటర్లు దాన్ని చూసి అబద్ధాన్ని తోసిపుచ్చుతాయి. 2024 మే నాటికి ప్రపంచంలోని ఐపీవీ4 రూట్లలో సగానికి పైగా ఈ రక్షణ కిందికి వచ్చాయి. అయితే మార్చి లీక్‌లో హక్కుదారు గూగులే. సంతకం సరిపోతుంది, దారే తప్పు. అలాంటి తప్పును పట్టాల్సింది పొరుగు రూటర్ల మధ్య రాసిన ఫిల్టరే. అందుకే నియమం లేకపోతే అన్నీ తీసుకునే పాత అలవాటును 2017లో ఐఈటీఎఫ్ తిరగేసింది. బయటి పొరుగుతో ఫిల్టర్ నియమాలు రాయనంతవరకు ఒక్క రూటు కూడా తీసుకోకూడదు, ఇవ్వకూడదు అని ప్రమాణం పెట్టింది.

ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు కాలనీలకూ కంపెనీలకూ ఇంటర్నెట్ అందించే ఆపరేటర్లకు ఇదే విన్నపం. మీ అడ్రసులను మన దేశ రిజిస్ట్రీ ఇరిన్‌లో సంతకంతో నమోదు చేయించండి. వచ్చే రూట్లకు, పోయే రూట్లకు విడివిడిగా లిస్టులు రాయండి. అడ్రసులు మారినప్పుడల్లా లిస్టును సవరించండి. వీటికి కొత్త యంత్రం కొనక్కర్లేదు, ఉన్న రూటర్‌లో నాలుగు లైన్లు రాసే ఓపిక చాలు. ఆ లైన్లు లేని ఒక్క రూటర్ చాలు, తప్పుడు రూటు ఖండాలు దాటడానికి.